రంగు పూసిన ముఖాలు

శ్రోతలకు నమస్కారం.

మా అన్న కూతురు ఇక్కడే తిరుపతిలో ఏడో తరగతి చదువుతోంది. పోయిన ఏడాది వాళ్ల బడి వార్షికోత్సవంలో నాటకం వేశారు. యువరాణి వేషం తనకే వస్తుందని ఆ పిల్ల వారం రోజులు మాటలన్నీ బట్టీ పట్టింది. తీరా ఇచ్చింది చెలికత్తె వేషం. ‘నువ్వు నలుపు కదా, యువరాణిగా బాగుండదు’ అన్నారంట. ఇంటికొచ్చి ఏడవలేదు. ‘టీవీలో కూడా అంతే గదా అత్తా’ అంది. ఏడ్చినా ఓదార్చేదాన్ని. పన్నెండేళ్ల పిల్ల అది న్యాయమేనని ఒప్పేసుకుందే, అదే నాకు గుచ్చుకుంటోంది.

అప్పుడు నాకు అన్నా మే వాంగ్ గుర్తొచ్చింది. లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన చైనా సంతతి నటి. వాళ్ల నాయన లాండ్రీ నడిపేవాడు. చైనా రైతు కుటుంబం కథతో హాలీవుడ్‌లో ‘ది గుడ్ ఎర్త్’ తలపెట్టినప్పుడు, రైతు భార్య వేషం తనకు రావాలని ఆమె ఎంతో ఆశపడింది. కానీ రైతు వేషం పాల్ ముని అనే తెల్ల నటుడికి ఇచ్చేశారు. తెల్లవాళ్లకీ వేరే జాతివాళ్లకీ మధ్య సంసారం తెరమీద చూపించడం అప్పటి హాలీవుడ్ నియమావళి ప్రకారం కుదరదు. కథలో మొగుడూ పెళ్లాం ఇద్దరూ చైనావాళ్లే. అయినా మొగుడి వేషం కట్టినవాడు తెల్లవాడు కాబట్టి, పక్కన నిజమైన చైనా ఇంటి ఆడపిల్ల నిలబడకూడదంట! ఆ వేషం లూయిసీ రైనర్ అనే తెల్ల నటికి మేకప్ వేసి ఇచ్చారు. 1937లో సినిమా విడుదలైంది, రైనర్‌కు ఆస్కార్ కూడా వచ్చింది. వాంగ్‌కు చూపించింది సంసారం చెడగొట్టే ఉంపుడుగత్తె వేషం. ఆమె వద్దనేసింది.

ఆస్కార్ అందుకున్న మొదటి నల్లజాతి నటి హాటీ మెక్‌డానియెల్. అదీ పనిమనిషి వేషానికే. 1940లో ఆ వేడుక రాత్రి ఆమెను తోటి నటులతో కాకుండా విడిగా ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

ఇదంతా ఎక్కడో అమెరికా సంగతి అనుకోకండి. 2017లో మన ఇళ్లలోకి ‘కార్తీకదీపం’ సీరియల్ వచ్చింది. నల్లగా ఉందని అవమానాలు పడే ఆడమనిషి కథ. వంటలక్క కోసం మా ఇంట్లో అన్నం కూడా ముందే తినేసేవాళ్లం. ఆ నటి ప్రాణం పెట్టి చేసింది, నాకు ఆమె మీద గౌరవమే. కానీ ఆమెకు నల్లటి మేకప్ వేయాల్సి వచ్చింది. నల్లపిల్ల కష్టం చెప్పే కథలో కూడా నల్లపిల్లకు చోటు దొరకలేదు.

2021లో ‘పుష్ప’ చూసి నేను పొంగిపోయాను. అంతకుముందు సీమ యాస ఎక్కువగా కత్తి పట్టినవాడి నోట్లోనో, నవ్వించేవాడి నోట్లోనో వినపడేది. ఇక్కడ శేషాచలం కథ, హీరో నోట్లో చిత్తూరు మాట. మా జేజి మాట్లాడినట్టే హాలంతా మార్మోగుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. యాస నేర్చుకుంటే వస్తుంది, ఆయన కష్టపడి నేర్చుకున్నాడు. రంగు మాత్రం అక్కడా మేకప్ డబ్బాలోంచే వచ్చింది. మన చుట్టుపక్కల యానాదులున్నారు, ఎరుకలవాళ్లున్నారు, సుగాలీలున్నారు. ఏ సీరియల్లో వాళ్ల వంటిల్లు చూశాం? వాళ్ల పిల్ల డాక్టరుగానో, కోడలిగానో ఎప్పుడు కనిపించింది?

మొన్న ఆదివారం మా పిల్లకు వాంగ్ కథంతా చెప్పాను. 2022లో అమెరికా ప్రభుత్వం ఆమె బొమ్మతో నాణెం వేసిందని, చేతి మీద తల ఆనించిన ఆ బొమ్మను ఫోన్లో చూపించాను. చాలాసేపు చూసింది.

‘ఆ వేషం మాత్రం ఆమెకి ఈలేదు గదా అత్తా’ అంది.