రక్తం వస్తోందని బ్రష్ ఆపకండి

(మహిళా సంఘాల సమావేశంలో ఒక దంతవైద్యురాలి ప్రసంగం)

అందరికీ నమస్కారం. పొద్దున్నే వంటలు ముగించుకుని, పనులు మానుకుని వచ్చారు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. పళ్ళు తోముకుని ఉమ్మినప్పుడు ఎప్పుడైనా ఎర్రగా కనిపించిందా? కనిపించినవాళ్ళు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. వీళ్ళలో డాక్టరుకు చూపించుకున్నవాళ్ళు? ఇద్దరే.

మా అమ్మ కూడా చూపించుకోలేదు. రక్తం వస్తోందని బ్రష్ మానేసి, పళ్ళపొడి వేలికి అద్దుకుని పైపైన రుద్దుకునేది. వేడి చేసిందనుకుని మజ్జిగ తాగేది. నేను ఈ చదువు పూర్తిచేసి ఇంటికొచ్చేసరికి ముందు పళ్ళు నాలుగు ఊగుతున్నాయి. అన్నేళ్ళలో ఒక్కరోజు కూడా నొప్పి పుట్టలేదట. నొప్పి ఉంటే ఎప్పుడో పరుగెత్తేవాళ్ళం. ఈ చిగుళ్ళ జబ్బు నొప్పి లేకుండానే లోపల పళ్ళను పట్టి ఉంచే ఎముకను తినేస్తుంది.

అసలు రక్తం ఎందుకొస్తుంది? పళ్ళ మీద మెత్తగా, జిగురుగా పట్టేదాన్ని పాచి అంటాం కదా. అందులో ఉండేది ముఖ్యంగా బ్యాక్టీరియా. అది చిగురు అంచున నిలిచిపోతే, దాన్ని ఎదుర్కోవడానికి శరీరం అక్కడికి రక్తాన్ని ఎక్కువగా పంపుతుంది. చిగురు ఎర్రబడి, ఉబ్బి, బ్రష్ తగిలితే చాలు రక్తం కారుతుంది. మెత్తటి బ్రష్ తగిలి ఆరోగ్యమైన చిగురు చిట్లదమ్మా. బ్రష్ అందని చోటు ఏదో ఆ రక్తమే చూపిస్తోంది. అక్కడ తోమడం మానేస్తే పాచి ఇంకా పెరుగుతుంది.

ఈ మాట 1965లోనే రుజువైంది. డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో హెరాల్డ్ లోయె అనే శాస్త్రవేత్త, ఆయన తోటివారు కలిసి పన్నెండు మంది చేత పళ్ళు తోమడం మాన్పించారు. అందరివీ అంతకుముందు మంచి చిగుళ్ళే. కొందరికి పది రోజులకే, మిగతావాళ్ళకు మూడు వారాలలోపు చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోమడం మొదలుపెట్టిన వారం, పది రోజుల్లో చిగుళ్ళు మామూలైపోయాయి. నా చదువులో నాకు అన్నిటికంటే ధైర్యమిచ్చిన విషయం ఇదే. తొలిదశలో ఉన్న చిగుళ్ళ జబ్బు పూర్తిగా వెనక్కి మళ్ళుతుంది. ఎముక కరిగాక మాత్రం పోయింది పోయినట్టే. ఉన్నదాన్ని నిలబెట్టడమే మా చేతనవుతుంది.

ఇదిగో, ఈ నమూనా దవడ చూడండి. బ్రష్‌ను పంటికి నిటారుగా కాకుండా ఇలా ఏటవాలుగా, చిగురు వైపు వంచి పెట్టండి. కుచ్చు సగం పంటి మీద, సగం చిగురు అంచున ఉండాలి. గట్టిగా అదమకుండా, అక్కడక్కడే చిన్నగా కదిలించి పంటి కొస వైపు దించండి. తర్వాత పక్క పళ్ళకు జరగండి. నాలుక వైపు కూడా ఇలాగే. చాలామంది వదిలేసేది కింది ముందు పళ్ళ లోపలి వైపే, గార ముందుగా కట్టేదీ అక్కడే. పొద్దున, రాత్రి పడుకునే ముందు, రెండేసి నిమిషాలు. పళ్ళ సందుల్లోకి బ్రష్ వెళ్ళదు, వాటికి ఫ్లాస్ దారమో, సందుల కోసం వచ్చే సన్నని బ్రషో కావాలి. బొగ్గు, ఇటుకపొడి వద్దు, పళ్ళు అరిగిపోతాయి. వేపపుల్ల అలవాటున్నవాళ్ళు కొస బాగా నమిలి మెత్తగా చేసుకోండి, కానీ వెనక పళ్ళ లోపలికి అది అందడం కష్టం.

పాచి నిలిచిపోతే ఉమ్మిలోని కాల్షియం చేరి రాయిలా గార అవుతుంది. అది బ్రష్‌తో రాదు, డాక్టరు దగ్గర క్లీనింగ్ చేయించుకోవాలి. "క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులైపోతాయి డాక్టరమ్మా" అని రోజూ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. గార పోయి, వాపు దిగితే సందులు కనిపిస్తాయి. అవి అంతకుముందే ఉన్నాయి, గార వాటిని మూసి ఉంచింది.

ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ళను ముందు తీసుకురండి. షుగర్ వల్ల చిగుళ్ళు చెడతాయి, చిగుళ్ళు చెడితే షుగర్ అదుపు తప్పుతుంది. కడుపుతో ఉన్న ఆడవాళ్ళకు హార్మోన్ల వల్ల చిగుళ్ళు తొందరగా వాస్తాయి, వాళ్ళకూ క్లీనింగ్ చేయవచ్చు, భయం లేదు. బీపీకి ఆమ్లోడిపిన్ వేసుకునే కొందరికి చిగుళ్ళు పెరుగుతాయి. మీ అంతట మీరు మాత్ర ఆపకండి, మీ డాక్టరుకు చెప్పండి. చుట్ట, బీడీ తాగేవాళ్ళకు జబ్బున్నా రక్తం అంతగా కనిపించదు, అందుకని వాళ్ళు రక్తం కోసం ఎదురుచూడకూడదు.

ఈ రాత్రి నుంచే మొదలుపెట్టండి. మొదటి నాలుగైదు రోజులు రక్తం వస్తుంది, టెన్షన్ పడకండి, తోముతూనే ఉండండి. రెండు వారాలైనా ఆగకపోతే తప్పకుండా డాక్టరుకు చూపించుకోండి. ఇప్పుడు ఆ మూల బల్ల దగ్గర అద్దం, టార్చి పెట్టుకుని కూర్చుంటాను. ఇందాక చేతులెత్తినవాళ్ళు ముందు రండి.