స్నెల్ రౌండ్‌హ్యాండ్ రివ్యూ: ట్రాకింగ్ జోలికి మాత్రం వెళ్లకండి

నమస్తే అండీ. స్క్రీన్ మీద ఉన్న సర్టిఫికెట్‌లో పేరు స్నెల్ రౌండ్‌హ్యాండ్ అనే కలిపిరాత ఫాంట్‌లో ఉంది. చూడ్డానికి బానే ఉంది కదా? 800 శాతం జూమ్ చేస్తున్నా. అక్షరానికీ అక్షరానికీ మధ్య సన్నటి సందు కనిపిస్తోందా? ట్రాకింగ్, అంటే అక్షరాల మధ్య ఎడం, 10 పెట్టారు, అంతే.

ఈ ఫాంట్‌ని 1960ల మధ్యలో మాథ్యూ కార్టర్ అనే ఫాంట్ డిజైనర్ ఫొటోటైప్‌సెట్టింగ్ కోసం, అంటే ఫిల్మ్ మీద అక్షరాలు కూర్చే పద్ధతి కోసం గీశారు. ఆధారం చార్లెస్ స్నెల్ అనే పాతకాలపు ఇంగ్లండ్ రాత గురువు దస్తూరి. సీసం అచ్చుల్లో అక్షరం దిమ్మె దాటి బయటికొస్తే ఆ కొస ఇట్టే విరిగేది. ఫిల్మ్ మీద ఆ బెడద లేదు. అందుకే ఇందులో దాదాపు ప్రతి చిన్న అక్షరం (స్మాల్ లెటర్) తోకా పక్కదాని మీదికి కొంచెం ఎక్కి కలుస్తుంది. ఆ కలయికంతా అక్షరాల వెడల్పు లెక్కలోనే ఉంది. మనం ఎడం పెంచితే అతుకు ఊడుతుంది.

కాబట్టి ట్రాకింగ్ సున్నా. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్‌ సాఫ్ట్‌వేర్‌లో కెర్నింగ్ (రెండేసి అక్షరాల మధ్య ఎడం సర్దుబాటు) ఆప్టికల్‌లో ఉంటే మెట్రిక్స్‌కి, అంటే ఫాంట్‌లోనే ఉన్న లెక్కకి మార్చండి. ఆప్టికల్ అక్షరాల ఆకారం చూసి సొంత లెక్కతో జరుపుతుంది, మళ్లీ అదే సందు. లైన్‌ని రెండు అంచులకీ సాగదీయొద్దు, మధ్యలో పెట్టండి చాలు.

సైజు దగ్గర చాలామంది బోల్తా పడతారు. దీని చిన్న అక్షరాలు నిజంగానే పొట్టివి. పక్కన సెరిఫ్ ఫాంట్ (టైమ్స్ లాగా గీతల కొసల్లో చిన్న పాదాలుండేది) 12 పాయింట్లలో ఉంటే దీన్ని 18 దాకా పెంచితేగానీ సమానంగా కనబడదు. 14 కంటే తగ్గిస్తే సన్న గీతలు అచ్చులో ఎగిరిపోతాయి. ముదురు రంగు మీద తెల్లక్షరాలైతే ఇంకా కష్టం, చుట్టూ ఉన్న ఇంకు పాకి గీతను మింగేస్తుంది. అక్కడ బోల్డ్ వాడండి. బోల్డ్ కంటే లావైన బ్లాక్ కూడా ఉంది గానీ, ఒకటి రెండు మాటలకి మించి నేనైతే వాడను.

అన్నీ క్యాపిటల్స్‌లో టైప్ చేస్తే చదవడం ఎవరి తరమూ కాదు. డిగ్రీలు, పొడి అక్షరాలు సెరిఫ్‌లోనే పెట్టండి.

మ్యాక్‌లో ఇది సిస్టమ్‌తోనే వస్తుంది, విండోస్‌లో రాదు. అందుకని ప్రెస్‌కి పంపే ముందు అవుట్‌లైన్స్ చేయండి, అంటే అక్షరాల్ని ఫాంట్ అక్కర్లేని బొమ్మలుగా మార్చండి. చేశాక బొమ్మలు గీసే ఇలస్ట్రేటర్‌ సాఫ్ట్‌వేర్‌లో అవుట్‌లైన్ వ్యూ (రంగుల్లేకుండా అంచుగీతలే చూపేది) చూడండి: ప్రతి అతుకు దగ్గరా రెండు ఆకారాలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. మామూలు నల్ల ఇంకుకి ఇబ్బంది లేదు. అక్షరాలకి స్ట్రోక్ (అంచు గీత) ఇచ్చినా, స్టిక్కర్ షీట్ కోసే వినైల్ కటింగ్‌కి పంపినా ఆ అడ్డగీతలు బయటపడతాయి, కట్టర్ సరిగ్గా అక్కడే కోస్తుంది. పాత్‌ఫైండర్‌ ప్యానెల్‌లో ఆకారాల్ని ఒకటిగా కలిపే యునైట్ నొక్కి, ఆ తర్వాతే ఫైల్ సేవ్ చేయండి.