తొలగింపు మూస పెట్టే ముందు ఒకసారి వెతకండి

అందరికీ నమస్కారమండీ. కావలి నించి, కందుకూరు నించి ఇంత ఎండలో ఒంగోలు దాకా వచ్చారు, అందుకని నేరుగా విషయానికే వస్తా. తెలుగు వికీపీడియా 2003 డిసెంబర్లో మొదలైంది. ఇన్నేళ్లలో రెండు మూడు లైన్లు రాసి వదిలేసిన చిన్న వ్యాసాలు, అవే మొలకలంటాం, బోలెడు చేరాయి, అవి కనపడగానే మనలో కొంతమందికి చెయ్యి తొలగింపు మూస మీదికే, అంటే "ఈ వ్యాసం తీసేయాలి" అని పేజీ పైన అంటించే చీటీ మీదికే పోతుంది. ఆ చెయ్యి ఒక్క పది నిమిషాలు ఆపమని అడగడానికే వచ్చా.

ఒక వ్యాసం ఇట్టా ఉందనుకోండి: "కంభం చెరువు మా కంభంలో ఉంది. ఆసియాలోనే చాలా పాత చెరువు. చూడటానికి సూపర్‌గా ఉంటది." అంతే, మూలం (ఆ మాటకి ఆధారం) లేదు, వర్గం (ఏ కోవ వ్యాసమో చెప్పే గుర్తు) లేదు. తీసేద్దామా? "మా" కొట్టేయండి, "సూపర్" కొట్టేయండి. గుండ్లకమ్మ మీద కట్టిన చెరువని రాసి ఆ నది వ్యాసానికి లింకు ఇవ్వండి. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ వాళ్లు దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించారు, పేపర్లలో వచ్చింది, ఆ వార్తని మూలంగా పెట్టండి. ఆసియా మాటకి ఆధారం అడగండి, ఎవరూ ఇవ్వకపోతే ఆ వాక్యం తీసేయండి. వాక్యం బాలేదని వ్యాసం మొత్తం ఎందుకు పోవాలి?

పల్లెటూళ్ల వ్యాసాల సంగతి ఇంకా బాధ. "గూగుల్లో ఏం రాలేదు, కాబట్టి మూలాల్లేవు" అంటే నేను ఒప్పుకోను. మన దగ్గర 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అచ్చేసిన నెల్లూరు జిల్లా శాసనాల సంపుటాలు మూడున్నాయి, కాపీరైట్ ఎప్పుడో అయిపోయింది, నెట్‌లో దొరుకుతాయి. 1970లో కొత్తగా ఒంగోలు (ఇప్పటి ప్రకాశం) జిల్లా వచ్చేదాకా కందుకూరు, కనిగిరి, దర్శి, పొదిలి నెల్లూరు కిందే కదా, ఆ ఊళ్లు కూడా అందులోనే ఉంటాయి. ఊరి పేరు పాత ఇంగ్లీషు స్పెల్లింగులో వెతకాలి, ఓపిక కావాలి, కానీ గుళ్లో శాసనం ఉందని తెలిస్తే ఆ రెండు లైన్ల ఊరికి ఒక చరిత్ర విభాగం వచ్చేస్తుంది. 2011 జనాభా లెక్కలు ఎటూ ఉన్నాయి.

అన్నీ ఉంచేయమని నేను అనట్లా. పేపర్ నించి మక్కీకి మక్కీ దించింది, షాపు ప్రచారం, బతికున్న మనిషి మీద ఆధారం లేని నింద, ఇవి వెంటనే పోవాల్సిందే, అందులో మొహమాటం వద్దు.

కొత్తగా రాసిన పిల్లల విషయంలో మాత్రం కాస్త చూసుకోండి. పొదిలిలో ఒకమ్మాయి ఫోన్‌లో కష్టపడి టైప్ చేసి సేవ్ కొట్టిన ఐదు నిమిషాలకే మూస పడితే ఆ అమ్మాయి మళ్లీ రాదు. ముందు చర్చాపేజీలో, అంటే వ్యాసం గురించి మాట్లాడుకునే పేజీలో, "అమ్మా, ఈ విషయం ఎక్కడ చదివావు, ఆ పుస్తకం పేరు చెప్పు" అని అడగండి, చాలామంది దగ్గర సమాధానం ఉంటుంది.

ఎంత వెతికినా దొరకనివీ ఉంటాయి. ఊళ్లో బడి కట్టించిన పెద్దాయన మీద వ్యాసం, ఊరంతా చెప్పుకుంటారు, రాతలో మాత్రం పేపర్ జిల్లా ఎడిషన్లో ఒక్క ముక్కే వచ్చింది. విడి వ్యాసానికి అది చాలదు, నిజమే. ఆ ఒక్క ముక్కని మూలంతో సహా ఊరి వ్యాసంలో బడి గురించి ఉన్న చోట కలపండి, పాత పేజీని అక్కడికి దారిమార్పు చేయండి, అంటే దాన్ని తెరిచినోళ్లు నేరుగా ఊరి వ్యాసానికి పోయేట్టు చేయండి. పేజీ చరిత్ర, అంటే పాత రాతలన్నీ, అట్నే ఉంటుంది, రేపు ఇంకో ఆధారం దొరికినోళ్లు అక్కణ్ణించే మొదలెడతారు.