పాత టయోటా పికప్‌కు యాక్సిల్ గేర్లు: 4.88 ఎందుకు ఎంచుకున్నాం

నమస్కారమండీ. కొలరాడో రాష్ట్రంలోని అరోరా నుంచి మాట్లాడుతున్నాను. మీ తెర మీద కనిపిస్తున్నది 1985 మోడల్ టయోటా ఫోర్ వీల్ డ్రైవ్ పికప్. 2022లో భారతదేశానికి కూడా వచ్చిన హైలక్స్ వంశానికి చెందినదే గానీ, అమెరికాలో దీన్ని ఉత్త ‘పికప్’ అనే అమ్మారు. ఇక్కడ ఈ ఏడాది బండినే వెతికి వెతికి కొనేవాళ్లు ఉన్నారు. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న 22ఆర్‌ఈ ఇంజను, ముందు వైపు సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు) ఒకే పికప్‌లో కలిసి వచ్చింది ఆ ఒక్క ఏడాదే కావడం అందుకు కారణం. 1986 నుంచి ముందు చక్రాలకు ఇండిపెండెంట్ సస్పెన్షన్ వచ్చేసింది.

మునుపటి యజమాని దీనికి 33 అంగుళాల టైర్లు బిగించి, గేర్లను మాత్రం ముట్టుకోకుండా వదిలేశాడు. చూపుకు బండి ఠీవిగానే ఉంటుంది. కానీ డెన్వర్ దాటి ఐ-70 హైవే మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ వైపు ఎక్కేటప్పుడు ఐదో గేరు పూర్తిగా పనికిరాకుండా పోతుంది, నాలుగో గేరు ఈసురోమంటుంది, మూడో గేరులో ఇంజను గోల పెడుతుంది. పొలంలో దమ్ము చేస్తున్న ట్రాక్టరును రోడ్డు గేరులో పెట్టి లాగించినట్టే ఉంటుంది ఆ ప్రయాణం.

కారణం లెక్కలో ఉంది. కంపెనీ నుంచి వచ్చినప్పుడు దీని యాక్సిల్ రేషియో 4.10 (అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి, ఇంజను బలాన్ని యాక్సిల్‌కు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ 4.10 చుట్లు తిరగాలి), టైరు వ్యాసం సుమారు 28.3 అంగుళాలు. టైరు పెద్దదైతే ఒక్కో చుట్టుకు బండి ఎక్కువ దూరం పోతుంది కాబట్టి, అదే వేగానికి ఇంజను తక్కువ చుట్లు తిరుగుతుంది. 33 అంగుళాల టైర్లతో ఈ 4.10 గేర్లు పాత టైర్ల మీద 3.52 గేర్లు వేసినట్టుగా పనిచేస్తాయి. కొత్తలోనే 116 హార్స్‌పవర్ ఇచ్చిన ఇంజను ఇది. టర్బో లేని ఇంజను ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు సుమారు 3 శాతం బలం కోల్పోతుంది కాబట్టి, 11,000 అడుగులు దాటిన ఆ టన్నెల్ దగ్గర అందులో మూడో వంతు గాలిలో కలిసిపోతుంది. అలాంటి ఇంజనుకు 3.52 గేర్లంటే శిక్షే.

గేర్లు కొనే ముందు, బండిలో నిజంగా ఏ రేషియో ఉందో మీ చేత్తో లెక్కపెట్టి చూసుకోండి. తయారీ ప్లేటు మీద యాక్సిల్ కోడ్ ఉంటుంది, నిజమే, కానీ 40 ఏళ్లలో లోపల ఎవరు ఏం మార్చారో ఆ ప్లేటుకు తెలియదు. నేను గేరును న్యూట్రల్‌లో పెట్టి, మిగిలిన చక్రాలకు అడ్డు పెట్టి, వెనక చక్రం ఒక్కదాన్నే స్టాండు మీదకు లేపాను. లాకర్ (రెండు చక్రాలనూ ఒకే వేగంతో తిరిగేలా బిగించే పరికరం) లేని డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ బలాన్ని పంచే గేర్ల అమరిక) అయితే, ఆ చక్రాన్ని రెండు చుట్లు తిప్పినప్పుడు ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే మీ రేషియో. షాఫ్ట్ మీద సుద్దముక్కతో గీసిన ఆ తెల్ల గీత నాలుగు చుట్లు పూర్తిచేసి, పదో వంతు మాత్రం ముందుకు జరిగి ఆగింది చూశారా? అంటే 4.10.

ఇక ఎంపికకు సూత్రం ఒకటే. గంటకు మైళ్లలో ఉన్న వేగాన్ని యాక్సిల్ రేషియోతోనూ, గేరు రేషియోతోనూ, 336తోనూ గుణించి, టైరు వ్యాసం అంగుళాలతో భాగిస్తే ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో వస్తుంది. ఈ బండి డబ్ల్యూ56 గేర్‌బాక్సులో ఐదో గేరు 0.85. గంటకు 65 మైళ్ల దగ్గర, పాత టైర్లు, 4.10 గేర్లతో 2,690 చుట్లు తిరగవలసిన ఇంజను 33 అంగుళాల టైర్లతో 2,300 దగ్గరే ఉండిపోతుంది. 4.56 వేస్తే 2,565, 4.88 వేస్తే 2,745, 5.29 వేస్తే 2,975 వస్తాయి. అంటే 4.56 పోగొట్టుకున్నదాన్ని పూర్తిగా తిరిగి ఇవ్వదు, 4.88 ఇచ్చి పైన కాస్త కలుపుతుంది, 5.29 ఇంకా ముందుకు పోతుంది.

నా నిర్ణయాన్ని తేల్చింది మాత్రం ఐదో గేరు కాదు, నాలుగోది. ఈ ఇంజను టార్క్ (తిప్పే బలం) శిఖరం 2,800 చుట్ల దగ్గర ఉంటుంది. కొండ ఎక్కేటప్పుడు 55 మైళ్ల వేగంలో, నాలుగో గేరులో, 4.10తో 2,300 చుట్లే వస్తుండగా 4.88తో 2,730 వస్తాయి. ఎక్కడ లాగాలో సరిగ్గా అక్కడికి ఇంజను చేరుతుంది. 5.29 అయితే 2,960 వస్తుంది, కొండకు అది ఇంకా హాయి, కాదనను. కానీ అందులో పినియన్‌కు, అంటే షాఫ్ట్ చివర ఉండి క్రౌన్ అనే పెద్ద గేరును తిప్పే చిన్న గేరుకు, ఏడే పళ్లు, 4.88లో ఎనిమిది. పళ్లు తగ్గేకొద్దీ పినియన్ తల చిన్నదవుతుంది. పైగా ఈ బండి ముందు యాక్సిల్‌లోనూ వెనక రకం గేర్లే తిప్పి కూర్చోబెడతారు కాబట్టి, ముందుకు పోతున్నప్పుడు భారమంతా పంటి బలహీనమైన వైపు మీదే పడుతుంది. అక్కడ సన్నని పినియన్ పెట్టడానికి నాకు మనసొప్పలేదు. 35 అంగుళాల టైర్లు వేసేవాళ్లు 5.29 తీసుకోవడం వేరే సంగతి.

రాళ్ల దారిలో నెమ్మదిగా పాకడానికే కొందరు 5.29 కావాలంటారు. ఆ లెక్కా చూద్దాం. మొదటి గేరు 3.95, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక యాక్సిళ్లకు బలం పంచే గేర్ల పెట్టె) ‘లో’ రేంజ్ 2.28, యాక్సిల్ 4.88 గుణిస్తే 44 వస్తుంది (చక్రం ఒక చుట్టుకు ఇంజను 44 చుట్లు), 5.29తో దాదాపు 48. ఆ నాలుగు కోసం హైవే మీద ప్రతిరోజూ మోత భరించడం దండగ. మస్కిటో పాస్ లాంటి 13,000 అడుగుల దారులకు నిజంగా కావాలనుకుంటే, ట్రాన్స్‌ఫర్ కేసులో 4.70 గేర్లు వేస్తే అదే 44 ఒక్కసారిగా 90కి చేరుతుంది, రోడ్డు మీది నడకలో మాత్రం ఏ మార్పూ ఉండదు.

మొన్న వేసవిలో వచ్చిన మా మామగారు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా రిటైరయ్యారు. ‘ఇంత ఖర్చుకు బదులు పాత సైజు టైర్లే వేస్తే పోదా అల్లుడుగారూ?’ అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. రెండు యాక్సిళ్లకూ సామాను, కూలీ కలిపితే వెయ్యి డాలర్లు దాటి చాలా దూరం పోతుంది, రాళ్ల దారుల జోలికి పోనివాళ్లకు ఆయన మాటే సరైనది. ఒక యాక్సిల్‌కే వేయించి రెండోది తర్వాత చూద్దామనుకోవడం మాత్రం కుదరదు. ఫోర్ వీల్ వేయగానే ముందు, వెనక షాఫ్ట్‌లు ఒకే వేగంతో తిరుగుతాయి, రేషియోలు తేడాగా ఉంటే చక్రాలు ఒకదానితో ఒకటి పెనుగులాడి ఏదో ఒకటి విరుగుతుంది. పైగా ముందు వైపు డిఫరెన్షియల్ దించాలంటే నకిల్స్ (ముందు చక్రాలను పట్టి ఉంచి మలుపు తిప్పే భాగాలు) విప్పి యాక్సిల్ షాఫ్ట్‌లు బయటకు లాగాలి, ఆ నల్లటి గ్రీజు మోచేతుల దాకా అంటుతుంది. అంత విప్పినప్పుడు సీళ్లు కూడా మార్చేయడం తెలివైన పని.

క్రౌన్, పినియన్ బిగింపును షాపుకే అప్పగించాను. క్రౌన్ పళ్లకు పసుపు రంగు పేస్టు పూసి తిప్పినప్పుడు పడిన అచ్చును కెమెరాకు దగ్గరగా పెడుతున్నాను చూడండి. పేస్టు తుడుచుకుపోయిన మచ్చ పంటి కొనకూ మొదలుకూ మధ్యలో ఉంది. అది కొన వైపు జరిగితే పినియన్ దూరంగా ఉన్నట్టు, మొదలు వైపు దిగితే మరీ లోపలికి పోయినట్టు. షిమ్ (ఎడం సరిచేసే పలచని రేకు) మార్చి మళ్లీ చూడాలి. పళ్ల మధ్య సందు 0.13 నుంచి 0.18 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. మామగారు కళ్లజోడు సవరించుకుని, ‘వెనక్కి తిప్పి రెండో వైపు కూడా చూపించమనండి’ అన్నారు. అదీ సరిగ్గానే ఉంది.

స్పీడోమీటరు విషయం కూడా చెప్పాలి. 4.10 గేర్లు, పెద్ద టైర్లతో ముల్లు 60 చూపిస్తున్నప్పుడు బండి నిజానికి 70 దగ్గర పోయేది. ఇప్పుడు 60కి 61 చూపిస్తోంది, పోలీసు జరిమానాలకు దూరంగా ఉండటానికి అది చాలు. కొత్త గేర్లను మొదట 15, 20 నిమిషాలు తేలికగా నడిపి పూర్తిగా చల్లారనివ్వాలి, అలా కొన్నిసార్లు చేసేదాకా బరువులు లాగకూడదు. 500 మైళ్లకు జీఎల్-5 80డబ్ల్యూ-90 గేర్ ఆయిల్ మార్చినప్పుడు డ్రెయిన్ ప్లగ్‌కు మెత్తటి బూడిదరంగు పొడి అంటుకుని ఉంటే కంగారు పడనక్కర్లేదు, వేలికి గుచ్చుకునే ముక్కలు కనిపిస్తే మాత్రం బండిని ఇక నడపకుండా షాపుకు చేర్చి విప్పించండి.