తిరిగొచ్చిన రాతప్రతి

అందరికీ నమస్కారం.

కొత్తగా రాస్తున్నవాళ్ల సభకు పిలిస్తే వక్త నుంచి ఏం ఆశిస్తారో నాకు తెలుసు. ఎన్నోసార్లు కాదనిపించుకుని చివరికి గెలిచిన రచయితల కథలు నాలుగు చెప్పాలి, వినేవాళ్లు ఉత్సాహంగా ఇంటికెళ్లాలి. నాకు ఆ కథల మీద కాస్త అనుమానం. ఇరవైమంది కాదన్నారు, ఇరవైఒకటో మనిషి ఔనన్నాడు అని చెప్పి ఊరుకుంటాం. మధ్యలో రాతప్రతికి ఏమైందో చెప్పం. ఇరవైఒకటో మనిషి కూడా కాదన్నవాళ్ల కథలైతే అసలు మనదాకా రావు.

విలియం గోల్డింగ్ సంగతే చూడండి. బడిలో పాఠాలు చెప్పుకునే మనిషి. ఆయన తొలి నవల రాతప్రతి చాలామంది ప్రచురణకర్తల దగ్గరికి వెళ్లి తిరిగొచ్చింది. ఫేబర్ సంస్థలో రాతప్రతులు చదివి అభిప్రాయం చెప్పేవారు కూడా చెత్త, విసుగు అని రాసి పక్కన పడేశారు. అక్కడ కొత్తగా చేరిన సంపాదకుడు చార్ల్స్ మాంటీత్ దాన్ని మళ్లీ బయటికి తీశాడు. కథ ఇక్కడిదాకా అందరూ చెబుతారు. నాకు ముఖ్యమైనది ఆ తర్వాతిది. నవల మొదట్లో అణుయుద్ధం గురించిన భాగం ఒకటి ఉండేది. అది తీసేయమన్నాడు మాంటీత్. ఇంకొన్ని మార్పులూ అడిగాడు. పేరు కూడా మారింది. అలా మారిన పుస్తకమే 1954లో వచ్చిన ‘లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్’. 1983లో గోల్డింగ్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. మాంటీత్ కంట పడటం అదృష్టమే, కాదనను. ఎంతో కష్టపడి రాసుకున్న మొదలును తన చేత్తోనే కొట్టేయడం మాత్రం అదృష్టం కాదు. అన్నిసార్లు కాదనిపించుకున్నాక అలా ఒప్పుకోవడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి.

హార్పర్ లీ విషయంలో ఇది ఇంకా స్పష్టంగా కనబడుతుంది. ఆమె విమాన సంస్థలో టికెట్ల రిజర్వేషన్ ఉద్యోగం చేసేది. 1956 క్రిస్మస్‌కు మిత్ర దంపతులు ఏడాదిపాటు బతకడానికి సరిపడా డబ్బిచ్చి, కూర్చుని రాసుకోమన్నారు. మరుసటి ఏడు రాతప్రతి టే హోహాఫ్ అనే సంపాదకురాలి చేతికి చేరింది. ఆమెకు అందులో నవల కంటే నవల కాగల ముడిసరుకు కనిపించింది. తిరగరాయడానికి రెండేళ్లకు పైగా పట్టింది. పెద్దయి ఊరికి తిరిగొచ్చిన అమ్మాయి కథ కాస్తా ఆమె చిన్నతనపు కథ అయింది. 1960లో ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ పేరుతో పుస్తకంగా వచ్చింది, మరుసటి ఏడాదే పులిట్జర్ బహుమతి. ఆ పాత ప్రతి కూడా 2015లో అచ్చయింది కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవొచ్చు. రచన నేర్పుతామనే తరగతులు చాలావాటికంటే ఆ పని మేలు.

అందుకే పట్టుదల అంటే ఒకే రాతప్రతిని కొత్త కవర్లో పెట్టి పంపుతూ ఉండటమేనని నేననుకోను. అదీ ఒక్కోసారి అవసరమే. ఫ్రాంక్ హెర్బర్ట్ సైన్స్ ఫిక్షన్ నవల ‘డ్యూన్’ను ఇరవైమందికి పైగా కాదన్నారు. 1965లో వేసింది చిల్టన్ అనే సంస్థ. కార్ల మరమ్మతు పుస్తకాలకు పేరున్న సంస్థ అది! అక్కడి సంపాదకుడు స్టెర్లింగ్ లేనియర్ అప్పటికే ఆ కథను పత్రికలో సీరియల్‌గా చదివి ఉన్నాడు. పత్రికలో అచ్చు కావడాన్ని చిన్నచూపు చూసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇక ప్రేరణ వచ్చేదాకా ఆగే సంగతి. ఆంగ్ల నవలాకారుడు ఆంథొనీ ట్రోలప్ తపాలా శాఖ ఉద్యోగి. తెల్లవారుజామున లేచి, గడియారం ఎదురుగా పెట్టుకుని, పావుగంటకు 250 మాటలు రాసేవాడు. కాఫీ తెచ్చి నిద్రలేపే పనివాడికి దానికోసం ఏడాదికి 5 పౌండ్లు అదనంగా ఇచ్చేవాడట. ఈ లెక్కలన్నీ ఆయన చనిపోయాక 1883లో వచ్చిన ఆత్మకథలో బయటపడి కొందరికి మింగుడుపడలేదు. నాకైతే ఆయన మీద గౌరవం పెరిగింది.

ఒక మాట తిరస్కార ఉత్తరాల గురించి. అందరికీ పంపే నాలుగు మర్యాద వాక్యాలే ఉంటే దాన్నుంచి మీ రచన గురించి ఏమీ తెలియదు. ఆ ఏడాది జాబితా నిండిపోయి ఉండొచ్చు, అలాంటి పుస్తకమే ఇంకొకటి తీసుకుని ఉండొచ్చు. అందులో ఒక్క వాక్యమైనా మీ పాత్ర గురించో, మీ మూడో అధ్యాయం గురించో ఉంటే మాత్రం ఎవరో కూర్చుని చదివారన్నమాట. ఆ వాక్యం మీద కోపం తగ్గేదాకా ఆగి, మళ్లీ రాతప్రతి తెరవండి. చెప్పినదంతా ఒప్పుకోనక్కర్లేదు. ఇద్దరు ముగ్గురు ఒకే చోట వేలు పెడితే తప్పు అక్కడే ఉంటుంది, వాళ్లు చెప్పిన మందు సరైనది కాకపోయినా సరే.

రాతప్రతి చదవడానికే డబ్బు అడిగేవాళ్లు, వెంటనే ఔనని ఖర్చంతా మీ చేత పెట్టించేవాళ్లు కూడా తారసపడతారు. సొంత ఖర్చుతో వేసుకోవడం తప్పు కాదు. మీ డబ్బుతోనే వేస్తూ, మీ రచన నచ్చి ఎంచుకున్నట్టు చూపించేవాళ్లతోనే జాగ్రత్త. ఇక మీరు అడగండి.