పాత సీరియళ్ళు మళ్ళీ చూస్తే (మధ్యలో అంతా వదిన క్లాసే)

మరిది: నమస్తే, నమస్తే. మన షోలో ఈ వారం టాపిక్ పాత సీరియళ్ళు. మళ్ళీ చూస్తే నిలబడ్డాయా, వాడిపోయాయా? లిస్టులో మూడే ఉన్నాయి. రామాయణం, మహాభారతం, అమృతం. వదినా, మీరు ‘4:3’ అన్నప్పుడల్లా పది రూపాయలు వెయ్యాల్సిన డబ్బా తెచ్చారా?

వదిన: తెచ్చా. ఇవాళ ఖాళీగానే వెళ్తుంది చూడు.

మరిది: గుంటూరు బ్యాచ్, ఈ మాట రాసి పెట్టుకోండి. సరే, రామాయణం. 1987 జనవరి 25 నుంచి 1988 జులై 31 దాకా, 78 ఎపిసోడ్లు, ఆదివారం పొద్దున. 2020 మార్చి 28 నుంచి లాక్‌డౌన్‌లో దూరదర్శన్ మళ్ళీ వేసింది. ఇప్పుడు చూస్తుంటే నత్తనడక అండీ బాబూ. సభలో ఒకళ్ళు ఒక మాటంటే చాలు, కూర్చున్న ప్రతివాళ్ళ మొహం మీదకీ కెమెరా వెళ్ళి రావాలి.

వదిన: అది వారానికొక్కసారి చూసేవాళ్ళ కోసం తీసింది. నువ్వు నాలుగు ఎపిసోడ్లు ఒకేసారి పెట్టుకుని స్లో అంటే ఎట్లా?

మరిది: మరి మహాభారతం కూడా ఆదివారమేగా? 94 ఎపిసోడ్లు. అది పరిగెత్తుతుంది.

వదిన: దానికి రాహీ మాసూమ్ రజా రాత ఉంది, హరీశ్ భిమానీ గొంతు ఉంది. కథ చెప్పే ‘సమయ్’ వచ్చి నాలుగు వాక్యాలు చెప్తే ఏళ్ళు గడిచిపోతాయి. రామాయణంలో ఆ పని రవీంద్ర జైన్ పాటకి అప్పజెప్పారు. పాటకి టైం పడుతుంది మరి.

మరిది: బాణాలు?

వదిన: బాణాల జోలికి రాకు. మన పాత ఎపిసోడ్‌లోనే తేల్చేశాం.

మరిది: తేల్లేదు, మీరు మైకు ఆపేశారు. సరే, అమృతం. 2001 నవంబరు 18న జెమినీలో మొదలైంది, 2007 దాకా నడిచింది, 313 ఎపిసోడ్లు. మొన్న ఎవరో పంపిన కాపీ చూశాను. అంజి ఏంటి, అప్పాజీ ఏంటి, అందరూ వాచిపోయినట్టున్నారు. బొమ్మ మరీ పాతబడింది.

వదిన: వాచిపోయినట్టా?

మరిది: అయిపోయాం.

వదిన: బొమ్మ పాతబడలేదయ్యా, సాగదీశారు. అది 4:3లో, అంటే నాలుగు పాళ్ళ వెడల్పు, మూడు పాళ్ళ ఎత్తుతో తీసిన సీరియల్.

మరిది: పది రూపాయలు.

వదిన: తీసుకో. ఆ బొమ్మని ఇప్పటి 16:9 వెడల్పు టీవీకి నిండుగా లాగితే ప్రతి మొహం మూడో వంతు వెడల్పెక్కుతుంది. నీకు వాపులా కనిపించింది అదే. ఇది మంచి జబ్బే, మందుంది. ఫైలు కంప్యూటర్లో ఉంటే వీఎల్‌సీ ప్లేయర్లో ‘ఏ’ బటన్ నొక్కుతూ పో, 4:3 దగ్గర ఆగు.

మరిది: ఇరవై. టీవీలో అయితే?

వదిన: పిక్చర్ సైజు సెట్టింగ్‌లో ఉంటుంది. కాకపోతే చాలా టీవీల్లో యూట్యూబ్ యాప్ తెరిచినప్పుడు ఆ సెట్టింగ్ పనిచెయ్యదు. అసలు మందులేని జబ్బు ఇంకోటుంది. సాగదీయకుండా పైనా కిందా కోసేసిన కాపీ. మన దేశపు పాత టీవీ పద్ధతి పాల్. ఆ బొమ్మలో కనపడే అడ్డగీతలు 576. దాన్ని వెడల్పు తెరకి సరిపోయేలా కోస్తే మిగిలేవి 432. పైన 72, కింద 72 పోయాయి. నాలుగో వంతు బొమ్మ చెత్తబుట్టలోకి.

మరిది: పోతే పోనీండి, అక్కడ ఏముంటుంది?

వదిన: ఏముంటుందా? అమృత విలాస్ హోటలయ్యా! హోటల్లో జోకు ఎక్కడుంటుంది? టేబుల్ మీద, ప్లేట్లో, సర్వర్ సర్వం చేతిలో. ఫ్రేము కింది భాగంలో. మొహం మాత్రం మిగిల్చి చేతులు కోసేస్తే, వాళ్ళు దేనికి గుడ్లు మిటకరిస్తున్నారో నీకెట్లా తెలుస్తుంది? అమెరికా వాళ్ళకీ ఇదే గోల. సైన్‌ఫెల్డ్ అనే కామెడీ సీరియల్ 2021లో నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చినప్పుడు రోడ్డు మీద గుంత గురించిన ఎపిసోడ్‌లో గుంతే ఫ్రేములోంచి పోయింది. సింప్సన్స్ కార్టూన్‌కీ అంతే. డిస్నీ ప్లస్‌లో వెడల్పు చేస్తే జోకు పైకి ఎగిరిపోయింది. జనం గోల చేస్తే 2020లో 4:3 మళ్ళీ పెట్టారు.

మరిది: ముప్పై. కానీ వదినా, ఆగండి. బొమ్మ సరిచేస్తే జోకు సరవుతుందా? ఆ కాలం కామెడీలో లావు మీద, పెళ్ళాం మీద, రంగు మీద ఎన్ని జోకులు? మొత్తం 576 గీతలూ చూపించినా అవి నవ్వు తెప్పించవు.

వదిన: అది వేరే సంగతి.

మరిది: వేరే కాదు, ఇవాళ్టి టాపిక్కే అది!

వదిన: ముందు నువ్వు చూసింది అసలు బొమ్మో కాదో తేల్చుకో, తర్వాత తీర్పు చెప్పు. సగం తీర్పులు దొంగ కాపీ చూసి చెప్పినవే. దువ్వెన పళ్ళ సంగతి చూడు. మనిషి చెయ్యి ఊపితే అంచుల్లో గీతలు గీతలుగా కనిపిస్తుందే, అది. పాల్‌లో సెకనుకి 50 సగం బొమ్మలు. బేసి గీతలు ఒకసారి, సరి గీతలు ఒకసారి. పాత ట్యూబు టీవీ వాటిని అలాగే వేసేది. ఇప్పటి తెర రెండూ కలిపి ఒకేసారి చూపిస్తుంది, మధ్యలో చెయ్యి కదిలిపోయి ఉంటుంది. వీఎల్‌సీలో ‘డీ’ నొక్కు, పోతుంది.

మరిది: పోతే ఇక గొడవేంటి?

వదిన: ఎవడో ముందే సైజు పెంచేస్తే గొడవ. గీతలు విడదీయకుండా సాగదీస్తే బేసి, సరి కలిసిపోతాయి, ఇక బ్రహ్మ కూడా విడదీయలేడు. వరస తప్పకూడదు. ముందు డీ-ఇంటర్‌లేస్, అంటే ఆ గీతలు విడదీయడం, తర్వాతే సైజు. అదీ 25 ఫ్రేములకి కాదు, 50కి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో ప్రోగ్రాంలో బీడబ్ల్యూడిఫ్ ఫిల్టర్ చాలు. 25కి కుదిస్తే కదలికలో నునుపు సగం పోతుంది. అప్పుడు నీలాంటివాడొచ్చి ‘పాతకాలం నటన, కుదుపు కుదుపుగా ఉంది’ అంటాడు.

మరిది: నేనేమన్నాను ఇప్పుడు?

వదిన: అనబోతావు. యూట్యూబ్‌కి ఎక్కించేవాళ్ళు కూడా వినండి. 576 సైజులోనే ఎక్కిస్తే 50 ఫ్రేములు నిలవవు, అక్కడ 720 పైనే నిలుస్తాయి. విడదీశాక 1440 బై 1080కి పెంచి ఎక్కించండి. పక్కన నల్ల పట్టీలు వస్తాయి, రానివ్వండి. ఎందుకొచ్చాయంటే అది...

మరిది: చెప్పండి, చెప్పండి.

వదిన: చెప్పను.

మరిది: (నవ్వు) అమెరికా నుంచి ఒకరు అడిగారు. తొంభైల్లో ఇక్కణ్ణుంచి తెప్పించుకున్న క్యాసెట్లలో కదిలితే నీడలు పడుతున్నాయట.

వదిన: పాల్ నుంచి అమెరికా పద్ధతి ఎన్‌టీఎస్‌సీకి మార్పించిన కాపీ అయ్యుంటుంది. 25 ఫ్రేముల్ని 29.97 చెయ్యడానికి పక్కపక్క బొమ్మల్ని కలిపేస్తారు, గీతలు కూడా 576 నుంచి 480కి పడిపోతాయి. దాన్ని బాగుచేస్తూ కూర్చోకండి. ఇక్కడ చుట్టాల ఇంట్లో పాల్ క్యాసెట్ ఉందేమో కనుక్కోండి, అది మేలు.

మరిది: అంజిగా వేసిన గుండు హనుమంతరావు గారు 2018లో పోయారు. ఇప్పుడు అంజి కనిపిస్తే నవ్వొస్తూనే గొంతు పట్టేస్తుంది. ఇది ఏ ఫిల్టరూ తియ్యలేదు వదినా.

వదిన: ...తియ్యక్కర్లేదు. అమృతం పాత్రకి ముగ్గురు మారారు, శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్. అయినా కొట్టు నడిచిందంటే పక్కన అంజి కదలకుండా ఉన్నాడు కాబట్టే. ఆయన ఎదుటివాడి డైలాగు వినే తీరు చూడు. మాట లేనప్పుడు కూడా పని చేస్తుంటాడు.

మరిది: అది ఒప్పుకుంటా. పెళ్ళాం జోకులు మాత్రం ఒప్పుకోను.

వదిన: ఒప్పుకోమని ఎవరన్నారు? అసలు కాపీ చూసి ఒప్పుకోవద్దంటున్నా.

మరిది: సరే. చివరి ప్రశ్న, వైజాగ్ నుంచి. పాత వీహెచ్ఎస్ క్యాసెట్ల మీద తెల్లగా పొడిలా ఉంది, వేసి చూడొచ్చా అని.

వదిన: వెయ్యొద్దు! అది బూజు. సముద్రపు తేమకి వస్తుంది. వీసీఆర్‌లో పెడితే హెడ్‌కి అంటుకుని తర్వాత వేసే ప్రతి క్యాసెట్‌కీ పాకుతుంది. క్యాసెట్ కిటికీలోంచి రీలు అంచు చూడండి. తెల్ల మచ్చలుంటే పక్కన పెట్టి, శుభ్రం చేసేవాళ్ళకివ్వండి. మచ్చల్లేని వాటిని ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి తిప్పి, అప్పుడు ప్లే చెయ్యండి.

మరిది: కాపీ తీసేటప్పుడు?

వదిన: క్యాప్చర్ సాఫ్ట్‌వేర్‌లో పాల్ పెట్టండి, 720 బై 576. డీ-ఇంటర్‌లేస్ టిక్ తీసెయ్యండి, ఆ పని తర్వాత మనమే చేసుకుంటాం. డీవీ ఫార్మాట్ అయితే గంటకి 13 జీబీ దాకా, మూడు గంటల క్యాసెట్‌కి 40 జీబీ ఖాళీ చూసుకోండి. బొమ్మ అడుగున కొన్ని గీతలు చెదిరి వణుకుతుంటాయి, అది హెడ్ మారే చోటు, జబ్బు కాదు. కోసెయ్యకండి, నల్లగా కప్పండి. కోస్తే కొలత చెడిపోతుంది. 4:3 ఉండదు.

మరిది: నలభై! అదిగో!

వదిన: అది లెక్కలోకి రాదు, జవాబులో భాగం. ఇంకో మాట, వీసీఆర్‌ని కంప్యూటర్‌కి కలిపే చవక యూఎస్‌బీ డబ్బీలు ఫ్రేములు జారవిడుస్తాయి. గంట గడిచేసరికి పెదాలు ఒకచోట, మాట ఒకచోట. ఇంట్లో పాత డీవీడీ రికార్డర్ ఉంటే పారెయ్యకండి, వీసీఆర్‌కీ డబ్బీకీ మధ్యలో దాన్ని పెట్టి...

మరిది: దాన్ని దాటించి తీస్తే సిగ్నల్ సర్దుకుంటుందంటారా?

వదిన: అన్నిట్లో కాదు. ఏ మోడల్ ఉందో రాసి పంపమను, చూసి చెప్తా.