వాట్సాప్ గ్రూపుల ముందుగాల పేషెంటు కేసు పెట్టండి, వీడియో లింకు తర్వాత

సార్లకు, మేడమ్‌లకు, పీజీలకు, ఎంబీబీఎస్ పిల్లలందరికీ నమస్తే.

1959ల మొదలైన మన వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీ సంగతి సరే, ఇప్పుడు ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ అన్నిట్ల కాలేజీలు వచ్చినయి, ఫోన్ తెరిస్తే వీడియో క్లాసులకు కొదవ లేదు. కానీ మనమేం చేస్తున్నం? లింకు తీస్కపోయి వాట్సాప్ గ్రూపుల పడేస్తం, కింద దండం బొమ్మలు, ‘థాంక్యూ సార్’లు వస్తయి, వీడియో మాత్రం సగం మంది తెరువరు. పిల్లలకు శ్రద్ధ లేదంటే నేను ఒప్పుకోను. ఆ వీడియో ఎందుకు చూడాల్నో మనం చెప్తలేం.

ఒక ఉదాహరణ తీస్కుందాం. వానాకాలం, రైతు ఇంట్ల కిందనే పండుకున్నడు, తెల్లారుజామున కడుపునొప్పని లేచిండు, వాంతులైనయి, కాసేపటికి కనురెప్పలు వాలిపోతున్నయి, ఒంటి మీద గాటు లేదు వాపు లేదు, గాజు ట్యూబుల 2 మి.లీ. రక్తం తీసి 20 నిమిషాలు కదపకుంట పెడితే మంచిగనే గడ్డ కట్టింది. గ్యాస్ ఇంజెక్షన్ ఇచ్చి ఇంటికి పంపుతరా, అడ్మిట్ చేస్తరా? సాయంత్రం గ్రూపుల పోల్ లెక్క ఇంతే పెట్టండి, జవాబు మాత్రం పొద్దుగాల్నే చెప్పండి. అది కట్లపాము. దాని విషం ముఖ్యంగ నరాల మీద కొడ్తది, రక్తం మీద కాదు, అందుకే గడ్డ కట్టే ట్యూబ్ టెస్ట్ నార్మల్ రావచ్చు, కోరలు చిన్నగుంటయి కాబట్టి చాలాసార్లు గాటే కనపడదు, రెప్పలు వాలినయంటే యాంటీవీనం (పాము విషానికి విరుగుడు మందు) మొదలుపెట్టాలె, వెంటిలేటర్ దగ్గర పెట్టుకోవాలె. రాత్రి ‘గ్యాస్’ అని నొక్కిన పిల్లగాడు పొద్దున మీ లెక్చర్ తనే వెతుక్కుంటడు, ఆ లింకు అప్పుడు ఇయ్యండి.

ఇది నా ఇష్టం కొద్ది చెప్తున్న మాట కాదు. రోడిగర్, కార్పికీ అని ఇద్దరు సైకాలజిస్టులు 2006ల చూపించిన్రు, పాఠం మళ్ల మళ్ల చదివినోళ్లకంటే చదివి పరీక్ష రాసినోళ్లకే వారం తర్వాత ఎక్కువ గుర్తుంది.

ఇంకొకటి, వాట్సాప్ గ్రూపు పోల్‌ల మామూలుగ ఎవరు ఏం నొక్కిన్రో అందరికీ కనపడ్తది. తెలుగు మీడియం నుంచి వచ్చిన ఫస్టియర్ పిల్ల సీనియర్ల ముందట తప్పు పోతదేమోనని అసలే నొక్కదు. టెలిగ్రామ్ ఛానల్ క్విజ్‌ల పేర్లు కనపడవు, జవాబు కింద కారణం గూడ రాయొచ్చు. నేనైతే ప్రశ్న అక్కడ, చర్చ వాట్సాప్‌ల పెట్టమంట. తప్పు జవాబును మాత్రం ఎవరూ ఎక్కిరించొద్దు, గట్ల ఒక్కసారి జరిగితే ఆ పిల్ల మళ్ల నోరు తెరువదు, రేపు వార్డుల గూడ అడగదు.

పేషెంటు సంగతి అన్నిటికంటే ముఖ్యం. ఈసీజీ గానీ ఎక్స్‌రే గానీ పెట్టే ముందు పేరు, ఐపీ నంబరు (ఆస్పత్రిల అడ్మిట్ అయిన నంబరు), తేదీ తీసేయండి, మొఖం, పచ్చబొట్టు కనపడొద్దు, ఊరి పేరు అసలే రాయకండి, మన దిక్కు ఊరు, జబ్బు చెప్తే మనిషెవరో తెల్సిపోతది. ఫోటో వాడుతున్నమని పేషెంటుకు తెలుగుల చెప్పి, తెలుగుల రాసిన కాగితం మీద సంతకం తీస్కోండి, వద్దన్నరా, ఆ ఫోటో ఫోన్లకెళ్లి గూడ తీసేయండి.